ఉత్తరముపై కట్టిన చీటీ: ఈమెయిలు ట్యాగులను పలు కంప్యూటర్లలో నొక్కటిగా నిలుపుకొను విధము



మన సంఘపు గిడ్డంగికి నూరు బస్తాల ధాన్యము వచ్చినదనుకొందము. అందు కొన్ని విత్తనములకు, కొన్ని అమ్మకమునకు, కొన్ని తాకట్టు ఋణమునకు సంబంధించినవి. గుమాస్తా ప్రతి బస్తామూతికి నొక చీటీ కట్టినయెడల, ఆ బస్తాను ఏ మూలకు జరిపినను చీటీ దానితోడనే పోవును. ఎవరు చూచినను దాని సంగతి తెలియును. అట్లుగాక గుమాస్తా తన జేబులోని చిన్న పుస్తకములో, కిటికీ ప్రక్క నాలుగవ వరుస విత్తనములని వ్రాసికొని ఊరికి పోయినయెడల, మరునాడు వచ్చినవారికి ఆ బస్తాలన్నియు నొక్కటే. విత్తనపు ధాన్యము మిల్లునకు పోవుచున్నను అడ్డు చెప్పువాడుండడు.

ఈమెయిలు ఉత్తరములకు కట్టు చీటీల విషయము సరిగా నిట్టిదే. ఈ చీటీలను ట్యాగులందురు. ఇవి యెక్కడ నిలువయుండునో, ఒక కంప్యూటరులో కట్టినది మరియొక కంప్యూటరులో నెట్లు కనబడునో, ఎందువలన నొక్కొక్కప్పుడు కనబడదో, ఈ పాఠమున వివరింతుము.

ఇది రైతునకేల?

ఇది కార్యదర్శియు గుమాస్తాయు తెలిసికొనవలసిన సంగతియే గాని మాకేల యని కొందరు సభ్యులనవచ్చును. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరులతో నడుపుటకై 2022వ సంవత్సరము జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. సంఘపు ఉత్తర ప్రత్యుత్తరములు కూడ నానాటికి కాగితమును విడిచి కంప్యూటరులోనికి పోవుచున్నవి. కార్యాలయమున నొక కంప్యూటరు, కార్యదర్శి యింట నొకటి, చేతిలో ఫోను: ఒకే ఉత్తరము మూడు చోట్ల తెరువబడుచుండును.

ఒక యుదాహరణము. 2016 ఖరీఫు నుండి అమలునకు వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నియమముల ప్రకారము, వడగండ్లవలనగాని ముంపువలనగాని యొక చేను నష్టపడినచో, ఆ సంగతి 72 గంటలలోపల తెలియజేయవలయును. ఈ పథకము అమలులోనున్న యొక గ్రామమున శనివారము సాయంకాలము వడగండ్లు పడినవనుకొందము. ఒక రైతు ఫొటోలతో సంఘమునకు ఈమెయిలు పంపెను. కార్యదర్శి యింటిలో దానిని చదివి, 'బీమా, తొందర' అని ట్యాగు కట్టి, సోమవారము గుమాస్తా చూచి పైకి పంపునని నమ్మి పెండ్లికి పోయెను. సోమవారము గుమాస్తా కార్యాలయపు కంప్యూటరు తెరచెను. ఉత్తరమున్నది, చదివినట్లు గుర్తును గలదు. ట్యాగు మాత్రము లేదు. కార్యదర్శిగారు చూచిన ఉత్తరమేకదా యని గుమాస్తా ముందునకు పోయెను. మంగళవారము సాయంకాలమునకు గడువు తీరెను.

ఇందు సోమరితన మెవరిదియు లేదు. ట్యాగు కట్టినవాడు కట్టెను, చూడవలసినవాడు చూచెను. కాని ఆ ట్యాగు జేబుపుస్తకములో వ్రాయబడినది, బస్తామూతికి కట్టబడలేదు. నష్టము మాత్రము రైతునకే.

ట్యాగునకును ఫోల్డరునకును భేదము

ఫోల్డరు అనగా అర వంటిది. ఒక కాగితమును ఒక అరలోనే పెట్టగలము. ఒక రైతు వ్రాసిన ఉత్తరము ఋణమునకును, బీమాకును, ఆడిటునకును సంబంధించినదైనచో దాని నే అరలో పెట్టవలయును? మూడు నకళ్లు తీసినచో ఒకదానికి జవాబిచ్చి మిగిలిన రెంటిని మరచుట సహజము. ట్యాగు అట్టిది కాదు. ఒకే ఉత్తరమునకు మూడు చీటీలు కట్టవచ్చును. ఏ చీటీని వెదకినను ఆ ఉత్తరమే వచ్చును. సంఘపు పనులకు ట్యాగులే యనుకూలమగుటకు కారణమిది.

చీటీ నిలువయుండు స్థలములు

మొదటి స్థలము ఆ యొక్క కంప్యూటరు. ఈమెయిలు తెచ్చుకొను పద్ధతులలో పాప్ అనునది పాతది. 1984లో మొదటి రూపము వెలువడినది. ఇప్పటి మూడవ రూపపు ప్రమాణము 1996 నాటిది. ఇది తపాలాఫీసునకు పోయి సంచిలోని ఉత్తరములను ఇంటికి తెచ్చుకొనుట వంటిది. ఉత్తరము నకలును సర్వరునందు ఉంచుమని కోరవచ్చును గాని, ఇంటివద్ద కట్టిన చీటీలను తిరిగి సర్వరునకు తెలుపుటకు పాప్ పద్ధతిలో ఆజ్ఞయే లేదు. థండర్‌బర్డ్ అను ఉచిత ప్రోగ్రాము పాప్ ఖాతాలోని ఉత్తరమునకు ట్యాగు కట్టినపుడు, ఆ కంప్యూటరులోని ఉత్తరముల ఫైలులో ఒక ప్రత్యేకపు పంక్తిలో దానిని వ్రాయును. ఆ కంప్యూటరు చెడిపోయినచో ట్యాగులును పోవును.

రెండవ స్థలము సర్వరు. 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ అను నాతడు ఐమ్యాప్ అను పద్ధతిని కల్పించెను. ఇందు ఉత్తరము సర్వరునందే యుండును. ప్రతి కంప్యూటరును అక్కడికి పోయి చూచుచుండును. చదివినది, జవాబిచ్చినది, నక్షత్రపు గుర్తు పెట్టినది, తీసివేయదగినది, చిత్తుప్రతి యను అయిదు గుర్తులు ఈ పద్ధతిలో నిర్ణయింపబడినవి. ఇవిగాక మనకు కావలసిన మాటలను గుర్తులుగా చేర్చుకొనవచ్చును. వీనిని కీవర్డులందురు. థండర్‌బర్డ్ ట్యాగులు ఐమ్యాప్ ఖాతాలో కీవర్డులుగనే సర్వరునకు పోవును. కార్యదర్శి యింట కట్టిన చీటీ కార్యాలయమున కనబడుట కిదియే మార్గము.

అయినను ఒక మెలిక గలదు. క్రొత్త కీవర్డులను శాశ్వతముగ నుంచుకొనుటకు అన్ని సర్వరులును ఒప్పుకొనవు. పెట్టెను తెరచినపుడే సర్వరు తాను ఏయే గుర్తులను శాశ్వతముగ నుంచునో చెప్పును. ఒప్పుకొనని సర్వరుతో పనిచేయునపుడు కొన్ని ప్రోగ్రాములు ఆ ట్యాగును తమ సొంత సూచికలో వ్రాసికొని యూరకుండును. కట్టినవానికి రంగు కనబడుచునే యుండును. ఎదుటివానికి మాత్రమేమియు కనబడదు. పైన చెప్పిన కథలో జరిగినది ఇట్టిదే కావచ్చును.

మూడవ స్థలము ఉత్తరమున్న ఫైలు పేరు. మెయిల్‌డిర్ అను పద్ధతిలో ఒక్కొక్క ఉత్తరము ఒక్కొక్క ఫైలు. చదివినది, జవాబిచ్చినది యను సంగతులు ఒక్కొక్క అక్షరముతో ఫైలు పేరు చివరనే వ్రాయబడును. డవ్‌కాట్ అను సర్వరు ఈ పద్ధతిలో మన కీవర్డులకు గూడ ఇంగ్లీషు చిన్న అక్షరములను వాడును. అక్షరములు 26 కావున అట్టి కీవర్డులును 26కు మించి యిమడవు. ఏ అక్షరమునకు ఏ మాటయో తెలుపు జాబితా వేరొక ఫైలులో నుండును. ఆ జాబితాను విడిచి ఉత్తరముల ఫైలులను మాత్రము వేరొకచోటికి చేర్చినచో, అక్షరములు మిగులును గాని వాని యర్థము మిగులదు.

జీమెయిలు సంగతి వేరు. 2004 ఏప్రిల్ 1వ తేదీన ఆరంభమైన ఈ సేవలో చీటీలను లేబుళ్లందురు. అవి సర్వరునందే యుండును. కాని ఐమ్యాప్‌ద్వారా చూచు ప్రోగ్రామునకు ఆ లేబుళ్లు ఫోల్డరులుగ కనబడును. మూడు లేబుళ్లు గల ఉత్తరము మూడు ఫోల్డరులలో కనబడుటచే, తెలియని గుమాస్తా మూడు ఉత్తరములని భ్రమపడవచ్చును.

గుర్తు వేరు, అర్థము వేరు

చీటీ సర్వరునకు చేరినంతమాత్రమున పని ముగియలేదు. థండర్‌బర్డ్‌లో మొదటినుండియు అయిదు ట్యాగులు గలవు: ముఖ్యము, ఉద్యోగము, స్వంతము, చేయవలసినది, తరువాత అను అర్థము నిచ్చు ఇంగ్లీషు మాటలు. వాని రంగులు వరుసగా ఎఱుపు, నారింజ, ఆకుపచ్చ, నీలము, ఊదా. కాని సర్వరునకు పోవునవి ఈ పేర్లు కావు, రంగులును కావు. మొదటి లేబులు, రెండవ లేబులు అని అంకెలుగల సంకేతములు మాత్రమే పోవును. పేరును రంగును ఆ కంప్యూటరులోని సొంత అమరికలలోనే నిలిచియుండును.

దీనివలన నేమగును? కార్యదర్శి తన కంప్యూటరులో మొదటి ట్యాగు పేరును 'బీమా' అని మార్చుకొనెను. గుమాస్తా కంప్యూటరులో అదే ఉత్తరము 'ముఖ్యము' అని కనబడును. రెండవ ట్యాగును ఒకరు 'ఆడిటు' అనియు, ఇంకొకరు 'ఎరువులు' అనియు మార్చుకొన్నచో, ఆడిటరుగారి ప్రశ్నలు ఎరువుల లెక్కలలో కలిసిపోవును. ఇక కార్యదర్శి క్రొత్తగా నొక ట్యాగును కల్పించి, గుమాస్తా తన కంప్యూటరులో కల్పింపనిచో, గుర్తు సర్వరునందున్నను గుమాస్తాకు కనబడదు. గొఱ్ఱెకు వాత పెట్టుట ఒకటి. ఆ వాత యెవరిదో ఊరివారందరు నెఱుగుట వేరొకటి.

కావున సంఘపు పాలకవర్గము ఒకనాడు కూర్చుండి ట్యాగుల జాబితాను తీర్మానింపవలయును. ఏ మాట, ఏ అర్థము, ఏ రంగు, ఎవరు కట్టవలయును, ఎవరు విప్పవలయును అను సంగతులను కాగితముపై వ్రాసి ప్రతి కంప్యూటరు దగ్గర గోడకంటింపవలయును. ఎనిమిది పది ట్యాగులు చాలును. పెక్కయిన కొలది వాడువారు తగ్గుదురు.

తెలుగు పేర్ల విషయమున నొక సూచన. కీవర్డులో ఇంగ్లీషు అక్షరములు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే చెల్లును. మధ్య ఖాళీ యుండరాదు. తెలుగు పేరుతో ట్యాగును కల్పించినచో థండర్‌బర్డ్ దానిని సంకేతాక్షరములుగ మార్చి పంపును. వేరు ప్రోగ్రాములో అది చదువరాని అక్షరముల కుప్పగా కనబడవచ్చును. దీనికుపాయము: మొదట బీ, ఐ, ఎం, ఏ అను నాలుగు ఇంగ్లీషు అక్షరములతో ట్యాగును కల్పించి, పిదప దాని పేరును 'బీమా' అని తెలుగున మార్చుకొనవలయును. పేరు మార్చినను లోపలి కీవర్డు మారదు. ప్రతి కంప్యూటరునందును ఇట్లే, అవే అక్షరములతో చేయవలయును.

ఫోనులలోని ప్రోగ్రాములు చాల మట్టుకు ఈ సొంత కీవర్డులను చూపవు. నక్షత్రపు గుర్తును చూపును. కావున గడువుగల ఉత్తరమునకు ట్యాగుతోపాటు నక్షత్రమును గూడ పెట్టుట మంచిది.

మార్పులు కలియు విధము

రెండు కంప్యూటరులు ఒకే పెట్టెను చూచుచుండగా, నిన్నటినుండి మారినదేమియో తెలియుటెట్లు? ప్రతి ఉత్తరమును మరల మరల చూచుట వ్యర్థము. 2006లో ఐమ్యాప్‌నకు చేర్చిన యొక పద్ధతి ప్రకారము, పెట్టెలో గుర్తు మారినప్పుడెల్ల సర్వరు ఆ ఉత్తరమునకు మునుపటికంటె పెద్దదైన క్రమసంఖ్య నొకదానిని వేయును. మన చిట్టాలో పద్దుల వరుససంఖ్య వంటిది. కంప్యూటరు వచ్చి, నేను కడపట చూచిన సంఖ్య 715, అటుపైన మారినవి చెప్పుమని యడుగును. సర్వరు ఆ కొన్నిటిని మాత్రమే చెప్పును. అన్ని సర్వరులలో ఈ సౌకర్యముండదు. ఉన్నచో పని త్వరగా జరుగును.

ఇంటర్నెట్టు లేనప్పుడు ఇద్దరు చేసిన మార్పులు పిదప నెట్లు కలియును? ఐమ్యాప్‌లో గుర్తులను మార్చుటకు మూడు తీరులు గలవు: ఒక గుర్తును చేర్చుట, ఒక గుర్తును తీయుట, ఉన్నవన్నియు తీసి క్రొత్తవి వ్రాయుట. కార్యదర్శి 'బీమా'ను చేర్చి, గుమాస్తా 'ఆడిటు'ను చేర్చినచో రెండును నిలుచును. కాని ఒకరి ప్రోగ్రాము మూడవ తీరున వ్రాసినచో రెండవవారి చీటీ తుడిచిపెట్టుకుపోవును. పైన చెప్పిన క్రమసంఖ్యలు గల సర్వరునందు, నేను చూచిన సంఖ్య తరువాత మారకయున్ననే మార్చుమని షరతుతో చెప్పుటకును వీలు గలదు.

కంప్యూటరు విద్య నేర్చిన యువకులున్న సంఘములవారు నాట్‌మచ్ అను ప్రోగ్రామును వినియుందురు. 2009లో కార్ల్ వర్త్ ఆరంభించిన ఈ ప్రోగ్రాము ట్యాగులను ఆ కంప్యూటరులోని సొంత సూచికలో నుంచును, ఉత్తరమును ముట్టదు. వేలకొలది ఉత్తరములలో నైనను వెదకుట మిక్కిలి త్వరగా జరుగును. కాని చదివినది, జవాబిచ్చినది, నక్షత్రము మొదలగు కొన్ని మాత్రమే ఫైలు పేరులోనికి చేరగలవు; తక్కిన ట్యాగులు కంప్యూటరు గడప దాటవు. వానిని వేరొకచోటికి చేర్చుటకు ఒక ఆజ్ఞతో జాబితాను తీయవచ్చును. అందు ఒక్కొక్క ఉత్తరమునకు ఒక్కొక్క పంక్తి; ఆ ఉత్తరపు గుర్తింపు సంఖ్యయు, దాని ట్యాగులును నుండును. పొలమునకు సర్వే నంబరు వలె ప్రతి ఈమెయిలునకును ఇట్టి గుర్తింపు గలదు గనుక, రెండవ కంప్యూటరు ఆ ఉత్తరమును పోల్చుకొనగలదు. ఆ జాబితాను రెండవచోట ఎక్కించునపుడు, అక్కడి ట్యాగులను తీసి వీనిని వ్రాయుటయే మామూలు వాడుక. అక్కడివానిని ఉంచి వీనిని చేర్చుమని ప్రత్యేకముగ కోరవలయును. ఈ భేదము తెలియక ఒక నెల శ్రమను ఒక క్షణమున పోగొట్టుకొనవచ్చును. రెండువైపుల మార్పులను తానే కలుపుటకు డేవిడ్ మాజియెర్ వ్రాసిన మచ్‌సింక్ అను సాధనము గలదు.

ఒక్కటిగా నిలుపుట భద్రపరచుట కాదు

అన్ని కంప్యూటరులలో నొకేరీతి కనబడుచున్నది, ఇక భయము లేదని కొందరు తలంతురు. ఇది పొరపాటు. కట్టిన చీటీ ఎట్లు అన్నిచోట్లకు పోవునో, పొరపాటున విప్పినదియు అట్లే అన్నిచోట్లకు పోవును. థండర్‌బర్డ్‌లో 1 మొదలు 5 వరకు అంకెల మీటలు ట్యాగులను కట్టును. సున్న మీట నొక్కినచో ఆ ఉత్తరపు ట్యాగులన్నియు తొలగును. ఒకరి వ్రేలు జారినచో అందరి కంప్యూటరులలోను తొలగును. కావున నెలకొకసారి ఉత్తరముల ప్రతిని వేరొక చోట భద్రపరుపవలయును. గడువుగల సంగతులకు కాగితపు తపాలు రిజిస్టరును విడువరాదు. ట్యాగు రిజిస్టరునకు తోడు గాని, రిజిస్టరునకు బదులు కాదు.

ఇంకొక మాట. సర్వరునకు పోయిన ట్యాగును ఆ పెట్టె తాళము గల ప్రతివారును చూతురు. సభ్యుని అప్పుసంగతిగాని, కుటుంబపు కష్టముగాని ట్యాగు పేరుగా వ్రాయుట మర్యాద కాదు.

పరీక్ష చేయు విధము

నమ్ముటకు ముందు పరీక్షింపవలయును. దీనికి పావుగంట చాలును.

1. సంఘపు చిరునామాకు ఒక ఉత్తరము పంపి, కార్యదర్శి కంప్యూటరులో దానికి క్రొత్త ట్యాగు కట్టి, ప్రోగ్రామును మూసివేయవలయును.

2. కార్యాలయపు కంప్యూటరులో తెరచి చూడవలయును. కనబడనిచో, ఖాతా పాప్ పద్ధతిదా, ట్యాగు ఇక్కడ కల్పింపబడలేదా, సర్వరు కీవర్డులను ఉంచుకొనదా అని ఈ వరుసనే విచారింపవలయును.

3. కార్యాలయమున ఆ ట్యాగును విప్పి, ఇంటి కంప్యూటరులో గూడ పోయినదేమో చూడవలయును.

4. ఒక కంప్యూటరునకు ఇంటర్నెట్టును తీసి, రెంటియందును వేర్వేరు ట్యాగులు కట్టి, మరల కలిపినపుడు రెండును నిలిచినవో లేదో చూడవలయును.

5. కంప్యూటరును మార్చినప్పుడెల్ల ఈ పరీక్షను మరల చేయవలయును.

ఈ పరీక్షను సర్వసభ్య సమావేశమున అందరియెదుట చేసి చూపుట ఉత్తమము. చదువురాని సభ్యుడైనను ఒక కంప్యూటరులో కట్టిన రంగు రెండవదానిలో కనబడుటను చూడగలడు. తన ఉత్తరము ఒకరి జేబుపుస్తకములో లేదనియు, సంఘమంతటికిని కనబడుచున్నదనియు అతనికి ధైర్యము కలుగును.

ప్రశ్నలు

1. మీ సంఘపు ఈమెయిలు ఖాతా పాప్ పద్ధతిదా, ఐమ్యాప్ పద్ధతిదా?

2. ట్యాగు గుర్తు సర్వరునందుండగా దాని పేరు, రంగు ఎక్కడ నుండును?

3. మీ సంఘమున ట్యాగుల జాబితాను తీర్మానించిరా? అది గోడమీద నున్నదా?

4. కార్యదర్శి ఊరలేని దినమున గడువుగల ఉత్తరమును గుమాస్తా ఎట్లు గుర్తించును?

కడపటి ప్రశ్నకు మీ సంఘమున సరియైన జవాబు దొరకనిచో, రాబోవు సమావేశమున దాని నడుగుట ప్రతి సభ్యునకును హక్కు, కర్తవ్యమును. వడగండ్లు కార్యదర్శి ఊరనున్న దినము చూచి పడవు.